అంబలి కుండలోని లెక్క

ఎండాకాలంలో మద్దేడ్ చుట్టుపక్కల ఊళ్లలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. పశువుల నోట పడకముందే బుట్టలకెత్తుకోవాలి. ఆ పని సద్దుమణిగేసరికి తునికాకు అందుకుంటుంది. చల్లపొద్దున ఆకు కోసి, మోపు కట్టి ఇంటికి మోసుకొచ్చి, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లంలో అప్పజెప్పాలి. బయల్దేరేటప్పుడు కడుపులో ఉండేది నిన్న రాత్రి తిన్న నాలుగు ముద్దలే. భుజానికి వేలాడేది మాత్రం ఎండిన సొరకాయ బుర్ర, దాని నిండా అంబలి.

ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మద్దేడ్. 2007లో దంతెవాడ నుంచి విడదీసి బీజాపూర్‌ను జిల్లా చేశారు. చుట్టూ టేకు అడవి, అవతల ఇంద్రావతి, ఇంకాస్త ముందుకు పోతే గోదావరి, తెలంగాణ. తెలుగు, దోర్ల, గోండి, హల్బీ, హిందీ ఒకే సంతలో వినిపించే చోటు ఇది. ఇన్ని మాటలు మాట్లాడే ఇళ్లలోనూ ఎండాకాలం కుండ ఒక్కటే. తెలుగువాళ్లు అంబలి అంటారు, బస్తర్ అంతటా మండియా పేజ్ అంటారు.

అంబలి చలువ చేస్తుందని, బలమిస్తుందని అందరూ అంటారు. అది నిజమే. కానీ నన్ను ఆశ్చర్యపరిచేది వేరే: రక్తంలో చక్కెర పడిపోకుండా గంటల తరబడి నిలబెట్టడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఆ వంటలో ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. గింజ ఎంపిక దగ్గర్నుంచి బుర్ర మూతిలో ఆకు కుక్కేదాకా ప్రతి పనీ ఆ లెక్కకు సరిపోతుంది. దీన్ని ఎవరూ ప్రయోగశాలలో కనిపెట్టలేదు. ఏది తాగి పోతే మధ్యాహ్నందాకా కాళ్లు వణకవో తరతరాలుగా చూసి చూసి స్థిరపరచిన పనితనం ఇది.

ఆ పనితనం విలువ తెలియాలంటే ముందు ఒంట్లో చక్కెర ఎంత తక్కువో తెలియాలి. పెద్దవాళ్లలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చక్కెర ఉందనుకుంటే మొత్తం రక్తంలో ఉన్నది 5 గ్రాములు. ఒక్క చెంచా! మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చు చేస్తుంది. అంటే గంటకు 5 గ్రాములు. రక్తంలో ఉన్నదంతా మెదడుకే ధారపోసినా గంటకు మించి రాదు. అందుకే కాలేయం నిల్వ పెట్టుకుంటుంది. బాగా తిన్న తరవాత అందులో 100 గ్రాముల దాకా గ్లైకోజెన్ ఉంటుంది; రాత్రి నిద్రలో అది కరుగుతూ వస్తుంది. తెల్లారేసరికి బాగా తగ్గిపోతుంది. ఆపైన కాలేయం కండరాల నుంచి, కొవ్వు నుంచి వచ్చే ముడిసరుకుతో కొత్త గ్లూకోజు తయారు చేస్తుంది. ఈ ఏర్పాటు బాగున్నవాళ్లు ఒక పూట తినకపోయినా కూలిపోరు. ఆకలి వేస్తుంది, నీరసం వస్తుంది, చిరాకు పుడుతుంది, అంతే. చక్కెర 70 కంటే దిగితే జాగ్రత్తపడాలని, 54 కంటే దిగితే ప్రమాదమని వైద్యులు గీతలు గీశారు. చెమటలు, వణుకు, గుండెదడ, ఆ తరవాత మాట తడబడటం, మతి తప్పడం ఆ వరసలో వస్తాయి.

ఇక కుండ దగ్గరికి వద్దాం.

మొదటి తెలివి గింజలోనే ఉంది. రాగి గింజ బియ్యం లాంటిది కాదు. దాని పైపొర లోపలి పిండికి గట్టిగా అంటుకుని ఉంటుంది, లోపలి భాగమేమో మెత్తన. దంచితే పొట్టు విడిగా ఊడదు, గింజే నలిగిపోతుంది. కాబట్టి రాగుల్ని విసరడం అంటే పొట్టుతో సహా విసరడమే. పీచు, పైపొరలో ఉండే వగరు పదార్థాలు అన్నీ పిండిలోకి వచ్చేస్తాయి. 2017లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములకు పైగా, కాల్షియం 364 మిల్లీగ్రాములు ఉన్నట్టు చూపారు. ఆ పొరలోని వగరు పదార్థాలు పిండిని చక్కెరగా విరిచే ఎంజైముల్ని కొంత అడ్డుకుంటాయని పరిశోధనల్లో తేలింది.

ఇక్కడొక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. రాగులు కాబట్టి చక్కెర మెల్లగానే ఎక్కుతుందన్న ప్రచారం సగమే నిజం. గిర్నీలో మైదాలా మెత్తగా పట్టించి, జల్లించి, పల్చటి జావ కాచి వేడివేడిగా తాగితే రాగులు కూడా త్వరగానే చక్కెరవుతాయి. పిండి ఎంత మెత్తనైతే ఎంజైములకు అంత సులువు. ఇసుర్రాయి మీద విసిరిన పిండి కాస్త బరకగా ఉంటుంది. ఆ బరకే మేలు. పట్నంలో డబ్బాల్లో అమ్మే రాగి మాల్టులో బెల్లమో చక్కెరో కలిపి ఉంటుంది కూడా. దానికీ ఈ అంబలికీ గింజ ఒక్కటే, పని వేరు.

రెండోది పులియబెట్టడం. రాత్రి పిండిని చల్లటి నీళ్లలో కలిపి మట్టికుండలో ఉంచుతారు. నిన్నటి అంబలి అడుగున కొంచెం మిగిల్చి అందులోనే కలిపితే పులుపు తొందరగా అందుకుంటుంది. తెల్లారేసరికి మీద నీరు తేరి, సన్నటి బుడగలు కనిపిస్తాయి, వాసన మారుతుంది. ఈ వాసన చూడటమే అసలు విద్య. పుల్లగా, శుభ్రంగా ఉండాలి. కుళ్లు వాసన ఛాయ ఉన్నా ఆ కుండ పనికిరాదు. ఎండ ముదిరిన నెలలో నాలుగు గంటలు తక్కువ నానబెట్టాలి, చలికాలంలో పొయ్యి పక్కన పెట్టాలి. గడియారం చూసి చేసే పని కాదది. రాత్రంతా అందులో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. పులిసిన రొట్టెల మీద స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనల్లో ఇలాంటి ఆమ్లాలు తిన్న తరవాత చక్కెర ఎక్కే వేగాన్ని తగ్గిస్తాయని చూశారు. రాగుల్లోని ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కూడా పులియబెట్టినప్పుడు తగ్గుతుంది. రక్తహీనత ఎక్కువగా ఉండే ప్రాంతంలో అదీ చిన్న లాభం కాదు.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చినది. పొద్దున ఎసరు పెట్టి ముందు బియ్యపు నూకలు ఉడికిస్తారు. అవి ఉడికాకే పులిసిన రాగి పిండిని సన్నటి ధారగా పోస్తూ, రెండో చేత్తో తెడ్డు ఆపకుండా తిప్పుతారు. పొయ్యి దగ్గర అత్తాకోడళ్ల మాటలు కూడా ఆ నూకల చుట్టూనే తిరుగుతాయి.

"నూకలు ఉడికినయా బిడ్డా?"

"ఇంకా పలుకున్నది అత్తా."

"మరీ మెత్తగ కానియ్యకు. కరిగిపోతే పొద్దెక్కకముందే ఆకలైతది."

ఆ చివరి మాటలో ఆహారశాస్త్రం అధ్యాయం ఒకటి ఇమిడి ఉంది. గింజ ఆకారం మిగిలి ఉన్నంతసేపు లోపలి పిండిని చేరడానికి జీర్ణరసాలకు సమయం పడుతుంది. పూర్తిగా కరిగి గంజయితే ఆ అడ్డు పోతుంది. పల్చటి రాగి ద్రవంలో అక్కడక్కడ నూకలు తేలేలా ఉంచడమంటే ఒకే గుక్కలో రెండు రకాల వేగాల తిండిని పోయడం. ద్రవం ముందు అందుతుంది, నూక వెనక అందుతుంది. ధార కట్టడంలోనూ ఒడుపు ఉంది. పొడి పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కట్టి, పైన ఉడికి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. రాత్రంతా చల్లటి నీళ్లలో నానిన పిండికి ఆ బెడద లేదు. ప్రతి రేణువూ ముందే తడిసి ఉంటుంది. తెడ్డు మీద అంబలి వెనక్కి జారే తీరు చూసి దించేస్తారు. ఆ సమయానికి కాస్త పల్చగానే కనిపించాలి, చల్లారితే చిక్కబడుతుంది.

చల్లార్చడం నాలుగో మెట్టు. వేడిగా తాగేది కాదిది. ఉడికినప్పుడు ఉబ్బి విచ్చుకున్న పిండి చల్లారేటప్పుడు కొంత మళ్లీ గట్టిగా అల్లుకుంటుంది. ఆ అల్లుకున్న భాగం చిన్నపేగులో అంత సులువుగా జీర్ణం కాదు. చద్దన్నంలోనూ జరిగేది ఇదే. ఉప్పు వేసేది కూడా ఇప్పుడే, చేతి వేళ్ల అంచనాతో. ఎండలో ఆకు కోసేవాళ్లకు చెమటలో పోయిన ఉప్పు, నీళ్లు ఒకే బుర్రలో తిరిగి దొరుకుతాయి.

బుర్ర సంగతీ చెప్పాలి. నడుము సన్నంగా, పైనా కిందా బొర్రగా ఉండే సొరకాయను తీగ మీదే ముదరనిచ్చి, మూతి కోసి, లోపలి గుజ్జు, గింజలు తీసి ఎండబెడతారు. సన్నటి నడుముకు తాడు కడితే జారదు. మూతిలో ఆకు మడిచి బిరడా చేస్తారు. ప్లాస్టిక్ సీసాలొచ్చాక బుర్రలు తగ్గాయి, కానీ మధ్యాహ్నపు ఎండలో తాగి చూసినవాళ్లు బుర్రను వదలరు. దాహం వేసినప్పుడల్లా ఆకు డొప్పలో కాస్త పోసుకుని తాగుతారు. ఒక్కసారి కడుపు నింపి ఊరుకోవడం కాదు, గంటగంటకూ కొంచెం. చక్కెర పడిపోయే తత్వం ఉన్నవాళ్లకు వైద్యులు ఈరోజు చెప్పేది సరిగ్గా ఇదే: కొద్దికొద్దిగా, తరచుగా, మెల్లగా అరిగేది తినండి.

ఆ సలహాకు పాశ్చాత్య వైద్యంలో వందేళ్ల చరిత్ర ఉంది. ఇన్సులిన్ వాడకంలోకి వచ్చిన రెండేళ్లకే, 1924లో, అమెరికాలోని అలబామా వైద్యుడు సీల్ హారిస్ ఒక సంగతి గుర్తించాడు: ఇన్సులిన్ సూది తీసుకోనివాళ్లలోనూ కొందరికి అచ్చం ఇన్సులిన్ ఎక్కువైనట్టే చెమటలు, వణుకు వస్తున్నాయి. 1936లో జెరోమ్ కాన్ అలాంటివాళ్లకు మాంసకృత్తులు ఎక్కువున్న తిండి మేలని రాశాడు. అంబలి పక్కన నంజుకునేవేమిటో చూస్తే కాన్ సలహా అక్కడ కనిపిస్తుంది. ఎండుచేప, ఉలవలు, బొబ్బర్లు, కంది. బస్తర్‌లో ఎర్రచీమల్ని ఉప్పు, మిరపకాయలతో నూరిన చట్నీ. వట్టి అంబలి పేదరికం. నంజుడుతో కూడిన అంబలి పూర్తి భోజనం. ఈ తేడాను కొట్టిపారేసి "మన పూర్వుల తిండి" అని పొగడటం నాకు నచ్చదు. నంజుకోవడానికి ఉప్పు, పచ్చిమిరపకాయ తప్ప ఏమీ దొరకని ఇళ్లున్నాయి.

మెల్లగా అరిగే పిండితో ప్రాణాలు నిలబెట్టిన ఉదాహరణ ఒకటుంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే కాలేయంలోని గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా విడుదల చేయలేరు. 1929లో వాన్ గీర్కే వర్ణించిన జబ్బు ఇది; లోపించిన ఎంజైమును 1952లో కోరి దంపతులు పట్టుకున్నారు. ఆ పిల్లలకు రెండు మూడు గంటలు తిండి ఆలస్యమైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రాత్రంతా ముక్కులో గొట్టం పెట్టి గ్లూకోజు ఎక్కించాల్సి వచ్చేది. 1984లో అమెరికా వైద్యులు చెన్, కార్న్‌బ్లాత్, సిడ్బరీ మందు కాని మందొకటి చూపించారు: ఉడికించని మొక్కజొన్న పిండిని చల్లటి నీళ్లలో కలిపి తాగించడం. పచ్చి పిండి రేణువు పేగుల్లో నిదానంగా కరుగుతూ గంటల తరబడి గ్లూకోజు అందిస్తుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. పిండికి వేడి ఎంత తగలాలి, ఎంత నలగాలి అన్న ప్రశ్నకు ప్రాణం విలువ ఎంతుందో ఆ ప్రయోగం చెప్పింది. తెడ్డు చేతపట్టిన అత్త "మరీ మెత్తగ కానియ్యకు" అనడం వెనక ఉన్నదీ ఆ ప్రశ్నే.

ఇంత చెప్పాక అంబలికి చేతకాని పని కూడా అంతే గట్టిగా చెప్పాలి. చక్కెర పడిపోయాక అంబలి పనికిరాదు. పడిపోకుండా పట్టి ఉంచే గుణమే పడిపోయినప్పుడు లోపమవుతుంది. అది అరిగి రక్తంలో చేరేదాకా మెదడు ఆగలేదు. అప్పుడు కావలసింది వేగం.

బీజాపూర్ జిల్లాలో ఆ వేగం అవసరం తరచుగా పడేది మలేరియాలో. ఫాల్సిపారం మలేరియా ముదిరితే చక్కెర పడిపోతుంది. పిల్లలకు, గర్భిణులకు ఆ ముప్పు మరీ ఎక్కువ. క్వినైన్ కూడా ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించి చక్కెరను దించుతుందని 1983లో థాయ్‌లాండ్‌లో పనిచేసిన వైద్యులు నిరూపించారు. తీవ్ర మలేరియాకు ఇప్పుడు ఆర్టిసునేట్ సూదినే ముందు వాడటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. 2020లో మొదలైన మలేరియా విముక్త బస్తర్ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేశారు. 2002 నుంచి ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పనిచేస్తున్న మితానిన్ అక్కలే, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తలే, జ్వరం వచ్చిన ఇంటికి మొదట చేరతారు.

అక్కడ చేయాల్సిన పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత కచ్చితంగా కొలిచి పెట్టిందో చూడండి. 200 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్లలో గీత గీసినట్టు సమంగా కొలిచిన 4 చెంచాల చక్కెర, అంటే 20 గ్రాములు. తీవ్రంగా జబ్బుపడిన బిడ్డను ఆస్పత్రికి పంపేముందు, మింగగలిగితే తల్లిపాలు పట్టాలి. చనుబాలు తాగలేకపోతే పిండిన పాలో, ఈ చక్కెర నీళ్లో 30 నుంచి 50 మిల్లీలీటర్లు. అడవి దారిలో బండి దొరికేసరికి ఎంతసేపవుతుందో చెప్పలేని చోట ఆ నాలుగు గుక్కలు ప్రయాణంలో చక్కెర పడిపోకుండా కాపాడతాయి. స్పృహ లేని బిడ్డ నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సూది, సెలైను అందుబాటులో లేకపోతే శిక్షణ ఉన్న ఆరోగ్య కార్యకర్త తడిపిన చక్కెరను నాలుక కింద పెట్టే పద్ధతి ఒకటుంది. మాలి దేశంలో మలేరియా పిల్లల మీద దాన్ని పరీక్షించి చూశారు.

బాగా చిక్కిపోయిన పిల్లల సంగతి వేరు. వాళ్ల కాలేయంలో నిల్వ దాదాపు ఉండదు. పోషకాహార పునరావాస కేంద్రంలో అలాంటి బిడ్డను చేర్చుకున్నప్పుడు మొట్టమొదట చూసేది చక్కెరనే. 54 కంటే తక్కువుంటే, బిడ్డ స్పృహలో ఉంటే, 50 మిల్లీలీటర్ల చక్కెర ద్రావణం నోటి ద్వారా. ఆ వెంటనే రెండు గంటలకోసారి పాలతో చేసిన పల్చటి ఆహారం, రాత్రీ పగలూ తేడా లేకుండా. ఈ చికిత్సలో కష్టమైన గంటలు రాత్రి 2, రాత్రి 4. నిద్ర కాచి, బిడ్డను లేపి, కప్పుతో తాగించే తల్లి చేతిలోనే వైద్యం ఉంది. అంత నిరాడంబరమైన, అంత ఓపిక కోరే నైపుణ్యం ఆస్పత్రుల్లో మరొకటి నేనెరగను.

రాత్రి తిండి విలువ బీహార్‌లోని ముజఫర్‌పూర్ చెప్పింది. అక్కడ ఏటా లీచీ కాపు సమయంలో పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో చనిపోయేవారు. 2014లో భారత, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థలు కలిసి పరిశీలించాయి. ఫలితాలు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. లీచీలోని పదార్థాలు ఒంట్లో కొత్త గ్లూకోజు తయారీని అడ్డుకుంటాయి. అన్నం తినకుండా పడుకున్న పిల్లలకు ఆ దెబ్బ మరీ గట్టిగా తగిలింది. పిల్లలకు రాత్రి తప్పకుండా అన్నం పెట్టండి, జబ్బుపడితే వెంటనే గ్లూకోజు ఇవ్వండి అన్నది వాళ్ల ముఖ్యమైన సలహా. బస్తర్‌లో లీచీ సమస్య లేదు, కానీ పెద్దలు కల్లంలో చీకటిపడేదాకా ఉండిపోయే రోజుల్లో పిల్లలు తినకుండా నిద్రపోవడం ఉంది. కుండలో మిగిలిన అంబలి ఒక ముంతెడు ఆ పూట పిల్లలకు దక్కాలి.

పెద్దల్లో చక్కెర పడిపోవడానికి ఇప్పుడు పెద్ద కారణం మధుమేహం మందులే. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వాడుతూ పూట తప్పినా, ఎప్పుడూ లేనంత శ్రమ చేసినా పడిపోతుంది. ఇక్కడినుంచి గోదావరి దాటి మిరపకాయ కోతకు వెళ్లే కూలీల్లో మాత్ర వేసుకుని బయల్దేరేవాళ్లూ ఉంటారు. మాత్ర వేసుకున్న రోజు అంబలి తాగకుండా చేలోకి దిగకూడదు. మళ్లీమళ్లీ పడిపోతుంటే మందు మోతాదు గురించి వైద్యుణ్ణి అడగాలి. తిండితో సర్దుకుపోవడం పరిష్కారం కాదు. కల్లు, ఇప్పసారా ఇంకా ప్రమాదకరం. ఖాళీ కడుపున తాగితే కాలేయం సారాను విరవడంలో పడి కొత్త గ్లూకోజు తయారు చేయడం తగ్గిస్తుంది. తూలడం, మాట తడబడటం చూసి చుట్టూ ఉన్నవాళ్లు మత్తు అనుకుని పడుకోబెడతారు. ఆ నిద్రలోనే పోయినవాళ్లున్నారు.

అలాంటప్పుడు చేయాల్సింది చిన్న పని. మనిషి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించాలి. లడ్డు వద్దు; తియ్యగా ఉన్నా నెయ్యి అరుగుదలను ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే కావాలి. పావుగంట ఆగి చూసి, వణుకు తగ్గకపోతే ఇంకోసారి అంతే ఇవ్వాలి. అప్పటికీ తేరుకోకపోయినా, స్పృహ తప్పుతున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి. తేరుకుంటే ఆపైన అంబలి. చక్కెర లేపిన మనిషిని అది నిలబెడుతుంది. అంబలి తాగకుండా లేచి పనిలోకి పోతే గంటలో మళ్లీ మొదటికొస్తుంది. సొరబుర్రతో పాటు సంచిలో చక్కెర పొట్లం ఒకటి తడి తగలకుండా కట్టి పెట్టుకోవాలి. మాత్ర వేసుకునేవాళ్ల పక్కన పనిచేసేవాళ్లకు ఆ పొట్లం ఏ అరలో ఉందో తెలిసి ఉండాలి.